గృహిణులు – గిటారు అభ్యాసము

మన యిండ్లలో సంగీతవిద్యకు ఒక చిత్రమైన గతి పట్టుచున్నది. బాలిక ఏడవయేటనో యెనిమిదవయేటనో సరళీవరుసలు మొదలుపెట్టును. జంటవరుసలు, అలంకారములు, గీతములు దాటి వర్ణములదాక వచ్చునప్పటికి పరీక్షలును పైచదువులును అడ్డము తగులును. పెండ్లిచూపులనాడు పెద్దల యెదుట ఒక కీర్తన పాడును. వచ్చినవారు తల యూపుదురు. వివాహమైన పిదప ఆమె వీణ పుట్టింటనే యొక మూల, పాతచీర ముసుగులో ఉండిపోవును. "ఇంక పాటలకు తీరిక యెక్కడిది?" అని అత్తవారెవ్వరును అనకముందే ఆమె తనలో తాననుకొనును. పెండ్లికి అర్హతగా పనికివచ్చిన విద్య పెండ్లి యైన మరునాటినుండి పనికిరానిదగుట యెట్లో నాకు నేటికిని బోధపడలేదు.

నేను వ్రాయబూనినది గిటారును గూర్చి. వీణ యుండగా గిటారేల యని సోదరీమణులు అడుగవచ్చును. వీణ గలవారు వీణ ముసుగే తీయవలయును; అందు నాకు సందేహము లేదు. కాని మంచివీణకు వెల హెచ్చు, బరువు హెచ్చు, చిన్నయింటిలో దానికి చోటు చూపుటయు కష్టము. నేటి మధ్యతరగతి యిండ్లలో వీణకంటె గిటారే యెక్కువగా కనబడుచున్నది. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న కుమారునకు తండ్రి కొనిపెట్టినది. వాడు రెండు నెలలు మీటి, వ్రేళ్లు నొచ్చి, విడిచినది. బీరువాప్రక్కన దుమ్ము పట్టియున్న ఆ వాద్యమును తల్లి యేల చేపట్టరాదు? అనగానే, గురువేడి, కాలమేది, ఈ వయసున చేయి తిరుగునా అని మూడు ప్రశ్నలు పుట్టును. వీనికి నేను వాదముతో బదులు చెప్పను. ఒక స్త్రీ చరిత్ర చెప్పుదును.

ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఉత్తర కరోలినా అను రాష్ట్రము కలదు. అందు చాపెల్ హిల్ పట్టణమునకు చేరువనున్న కార్‌బరో అను ఊర, ఒక పేద నల్లజాతి కుటుంబమున 1893లో ఆమె జన్మించెనని చరిత్రకారులు వ్రాయుచున్నారు. అన్నగారికి బాంజో అను తంత్రీవాద్య ముండెను. అతడు పనికి పోయినప్పుడు ఆ చిన్నది దానిని రహస్యముగా తీసి వాయించుకొనుచుండెను. ఆమెది యెడమచేతివాటము; వాద్యము కుడిచేతివారికై తీగెలు కట్టినది. చెప్పువారు లేరు గనుక ఆమె దానిని తలక్రిందులుగా త్రిప్పి పట్టుకొని, తనకు తోచినట్లు వ్రేళ్లాడించెను. పదియేండ్లు దాటుసరికి బడి మాని పరుల యిండ్లలో పనికి కుదిరెను. జీతము నెలకు ఒక డాలరును మించలేదు. అందుండి కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు స్టెల్లా అను చౌకరకపు గిటారు నొకదానిని కొనెను. ఇంచుమించు నాలుగు నెలల చాకిరి వెల యది.

గిటారును గూడ తలక్రిందులుగనే పట్టెను. ఇందలి విశేషము వీణ యెరిగినవారికి వెంటనే తెలియును. గిటారున మోటుతీగెలు పైని, సన్నతీగెలు క్రిందను ఉండును. బొటనవ్రేలు మోటుతీగెలను మీటి మంద్రస్వరముల నందించుచుండగా, తక్కిన వ్రేళ్లు సన్నతీగెలపై పాటను పలికించుట లోకమర్యాద. ఆమె చేతిలో సన్నతీగెలు పైకి పోయినవి గనుక బొటనవ్రేలు పాట పాడెను. తక్కినవ్రేళ్లు మంద్రము పట్టెను. గురువున్నచో మొదటిదినముననే మాన్పించియుండు పద్ధతి యిది. నేడు దీనికే 'కాటన్ పికింగ్' అని ఆమె పేరిట ప్రసిద్ధి కలిగినది. గురువులున్నవారు సయితము దీనిని పనిగట్టుకొని నేర్చుచున్నారు. ఏకలవ్యుని గురువు దక్షిణగా బొటనవ్రేలినే కోరెను. ఈమెను అట్లు కోరుటకు గురువే లేకపోయెను!

పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయమున, ఇంటికి చేరువగా పోవు సరకుల బండిని గూర్చి ఆమె యొక పాట కట్టెను. 'ఫ్రైట్ ట్రెయిన్' అను ఆ పాటను నేటికిని దేశదేశముల గిటారు నేర్చువారు తొలిపాఠములలో నొకటిగా వాయించుచున్నారు.

తరువాతి కథ మన కథయే. 1910లో ఆమెకు వివాహ మాయెను. ఒక కుమార్తె కలిగెను. లౌకికగీతములు భక్తురాలికి తగవని చర్చివారు చెప్పిరి. సంసారము మీద పడెను. గిటారు మూలబడెను. ఒకటి రెండేండ్లు కాదు, పాతికయేండ్లకు పైగా ఆమె దానిని విడిచియుండెను. కుమార్తె పెండ్లి యైన పిదప భర్తతో విడిపోయి, వాషింగ్టను నగరమున నొక పెద్ద దుకాణములో బొమ్మలమ్ము పనిలో చేరెను. అక్కడ నొకనాడు తప్పిపోయిన చిన్నపిల్ల కనబడగా తల్లి కప్పగించెను. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరుపొందిన సంగీతరచయిత్రి. తండ్రి చార్లెస్ సీగర్, సంగీతశాస్త్రజ్ఞుడు. ఆ పరిచయముచే ఎలిజబెత్ వారి యింట వంటకును ఇంటిపనికిని కుదిరెను. ఆ యింట పల్లెపాటలు సేకరించుట, వ్రాసికొనుట, పాడుట నిత్యకృత్యము. గోడకు గిటారు వ్రేలాడుచుండెడిది. వంటమనిషికి సంగీతము వచ్చునా యని అడుగుట ఆ సంగీతజ్ఞులకు గూడ తోచలేదు. (పండితుల యిండ్లలో నిట్టివి జరుగుచునే యుండును.) పని నడుమ, ఎవ్వరును లేనివేళ, ఆమె దానిని దింపి మీటుచుండగా, నాడు దుకాణములో తప్పిపోయిన పిల్లయే, పెగ్గీ యను నామె, విని నివ్వెరపోయెను.

చేయి మరచినదా? మరువలేదు. పాతికయేండ్ల అంట్లును బట్టలును ఆ బొటనవ్రేలినుండి పాటను తుడిచివేయలేకపోయినవి. పెగ్గీ అన్న మైక్ సీగర్ ఆమె వాయింపును ఆమె యింటికే పోయి యంత్రముపై పట్టెను. 1958లో ఫోక్‌వేస్ సంస్థవారు ఆ రికార్డును వెలువరించిరి. అప్పటి కామెకు అరువదియైదేండ్లు. అటుపిమ్మటనే ఆమె సభల నెక్కుట. నడుమ నొక అన్యాయమును జరిగినది: ఆమె బాల్యమున కట్టిన పాటను ఇంగ్లండున ఇతరులు తమ పేరిట నమోదు చేయించుకొనిరి, వివాదము నడచిన పిదపగాని దానిపై ఆమె పేరు నిలువలేదు. 1984లో అమెరికా ప్రభుత్వపు కళాసంస్థ జానపదకళాకారుల కిచ్చు జాతీయగౌరవము నామెకిచ్చెను. 1985లో, తొంబదియేండ్లు దాటిన వయసున, గ్రామీ బహుమానము వచ్చెను. 1987 జూన్ మాసమున సిరక్యూస్ నగరమున కన్నుమూసెను. ఆశ్చర్యమేమన, ఇదే 1893లో స్పెయిను దేశమున పుట్టి, ఇదే 1987 జూన్‌లో మరణించిన ఆండ్రేస్ సెగోవియా, గిటారును మహాసభలకెక్కించిన మహావిద్వాంసుడు, తానును చాలవరకు స్వయముగా నేర్చినవాడే. అతనికి లోకమంతయు సభామందిరము. ఈమెకు పరుల యిల్లు.

ఎలిజబెత్‌కు పుట్టుకతో వచ్చిన ప్రతిభ మనకందరకు నుండదు. నే నామెకు సాటిరమ్మని చెప్పుటలేదు. ఆమె చరిత్రలో నన్ను పట్టుకొన్నవి రెండు సంగతులు. పాట ముందుగా చెవిలో నుండెను, వ్రేళ్లు దానిని వెదకికొనుచు పోయినవి. రెండవది, విడిచిన విద్య పోలేదు. మనలో పదియేండ్లు పాటలు నేర్చిన స్త్రీకి తొలిసంగతి యిదివరకే సిద్ధించియున్నది. గిటారు కొన్న కుమారునకు లేని సొత్తు తల్లియొద్ద నున్నది. ఆ సంగతి తల్లి యెరుగదు.

ఇది పరదేశవాద్యము, మన స్వరములకు లొంగునా యని కొందరి శంక. ఫిడేలు మాత్ర మెక్కడిది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులవారు ఐరోపావానియొద్ద నేర్చి మన పాటకు దానిని అలవరించినప్పుడు గూడ ఎవరో ముక్కు విరిచియే యుందురు. మన పాలకొల్లున 1969లో పుట్టిన శ్రీనివాస్ సంగతి తెలుగువారి కెరుకయే. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు. ఇంట నున్న మాండలినును కుమారుడు ఆరవయేట చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిను వాయించుట రాదు. ఆయన నోటితో పాడెడివారు, బాలుడు దానిని తీగెలపై వెదకి పలికించెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో వాయించునప్పటికి తొమ్మిదేండ్లు. 2014లో అకాలమరణము నొందువరకు ప్రపంచమంతయు నతనిని 'మాండలిన్ శ్రీనివాస్' అనియే పిలిచెను. అతనికి పాట నేర్పుటకు గురువు కలడు. చేయి నేర్పుటకు లేడు. ఈ భేదమును గుర్తింప గోరుచున్నాను. మనము సంగీతమును గురుముఖముననే నేర్చితిమి. ఇప్పుడు నేర్వవలసినది చేతిపని మాత్రమే. పింగళి సూరన కళాపూర్ణోదయమున నారదు డంతవాడు తుంబురునితో సాటి యగుటకు శ్రీకృష్ణుని యంతఃపురమునకు వచ్చి, జాంబవతీ సత్యభామా రుక్మిణుల యొద్ద గానము నేర్చుకొనెను. ఆ యిల్లాండ్రు సంసారము చేయుచునే యంతటి గానవిద్య నిలుపుకొన్నారు గదా!

ఇక చేతిపనికి వత్తును. నేను ముప్పదినాలుగవయేట ఆరంభించితిని. ఇది రెండవ సంవత్సరము. కాబట్టి నేను చెప్పునది విద్వాంసురాలి మాట గాదు, ముందు నడచిన తోటివిద్యార్థిని మాట.

గిటారులు రెండువిధములు. ఇనుపతీగెలవి, నైలాను తీగెలవి. నైలాను తీగెలు వ్రేళ్లకు మెత్తన. క్రొత్తవారికి అదియే మేలు. పూర్వము గొఱ్ఱెప్రేగులతో చేయు తీగెలుండెడివి. 1940ల తరువాత నైలాను వానిని తొలగించినది. ఇంట నున్నది ఇనుపతీగెలదైన దానితోనే యారంభింపుడు, క్రొత్తది కొననక్కరలేదు. కాని తీగెకును మెట్టునకును నడుమ ఎడము ఎక్కువగా నున్నదేమో చూచుకొనవలయును. అది హెచ్చైన కొలది వ్రేలు ఎక్కువ బలముతో నొక్కవలసివచ్చి నొప్పి పెరుగును. పిల్లలు గిటారు విడుచుటకు సగము కారణమిదియేనని నా యభిప్రాయము. సంగీతసామగ్రి దుకాణమువారు ఎడము సరిచేసి యిత్తురు.

కూర్చుండు తీరు. కురిచీపై కూర్చుండి, ఎడమపాదము క్రింద చిన్న యెత్తు పెట్టుకొని, గిటారు నడుమును ఎడమతొడమీద నుంచుట సంప్రదాయజ్ఞుల పద్ధతి. మనము భోజనమునకు వేయు పొట్టి పీట యీ పనికి చక్కగా సరిపోవును. కుడిచేయి గిటారు అంచుపై ఆనును గనుక గాజులు చెక్కకు తగిలి చప్పుడగును, గీతలు పడును. గాజులు తీయనక్కరలేదు, పైకి త్రోసి మెత్తని గుడ్డ నొకచుట్టు చుట్టిన చాలును. ఎడమచేతి గోళ్లు మాత్రము పొట్టిగా కత్తిరింపవలయును. బొటనవ్రేలు దండి వెనుక నుండవలయును. వ్రేలిని మెట్టుమీద గాక, బిరడల వైపున మెట్టునకు ఆనుకొని నొక్కవలయును. అచ్చట తక్కువ బలముతో నాదము స్పష్టముగా వచ్చును.

అంట్లు తోమి, బట్టలు జాడించి వచ్చిన వెంటనే గిటారు ముట్టకుడు. నీట నానిన వ్రేలికొనలు మెత్తబడి తీగె కోతకు తాళవు. పనికి ముందో, చేయి బాగుగా ఆరిన పిదపనో కూర్చుండవలయును. రెండు మూడు వారములలో కొనలు గట్టిపడును. అంతవరకు దినమునకు రెండుమారులు, మారునకు పావుగంట చాలును. ఆదివారము రెండుగంటలు కూర్చుండుటకంటె ఇదియే ఫలించును. నాకు ఉదయము కుక్కరు పెట్టిన పిదప దొరకు పావుగంటయే ముఖ్యమైనది. కూతలు లెక్కించుచు అలంకారములు సాధించితిని. మణికట్టు నొప్పి పుట్టినచో ఆనాటికి మానవలయును. వ్రేలికొన నొప్పి సహజము, మణికట్టు నొప్పి సహజము గాదు.

శ్రుతి చేయుట ముఖ్యమైన సంగతి. ఆరుతీగెలకును క్రిందనుండి పైకి, అనగా సన్నదానినుండి మోటుదానికి, ఒకటి మొదలు ఆరువరకు సంఖ్యలు. మోటుతీగెనుండి మొదలిడి పాశ్చాత్యులు ఇ, ఏ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేయుదురు. ఇందు దాగియున్న సూత్రము మనది మనకు తెలిసినదే. ఏ తీగెనైన షడ్జమనుకొన్నచో దాని తరువాతి సన్నతీగె దానికి శుద్ధమధ్యమము. అందుచే ఆరవతీగెను అయిదవమెట్టున నొక్కి మీటి, అయిదవతీగె ఊరక మీటి, రెండును ఒకటే నాదమగునట్లు బిరడ త్రిప్పవలయును. అట్లే అయిదవదానితో నాలుగవది, నాలుగవదానితో మూడవది. మూడవదానికి మాత్రము నాలుగవమెట్టు నొక్కి రెండవదానిని కలుపవలయును. అక్కడ ఎడము అంతరగాంధారము. మరల రెండవదాని అయిదవమెట్టుతో మొదటిది. చేతిఫోనులో శ్రుతి చూపు సాధనములు ఉచితముగా దొరకును. మొదటి తీగెను దానితో సరిచూచుకొనుట మంచిదే. కాని తక్కినవి చెవితో కలుపుకొనుట మానరాదు.

మన స్త్రీలలో పెక్కండ్రు అయిదు శ్రుతికో, అయిదున్నరకో పాడుదురు. గిటారు మూడవతీగె, జి అనునది, సరిగా అయిదు శ్రుతి! దానిని షడ్జముగా తీసికొనుడు. దాని పైనున్న నాలుగవతీగె ఊరక మీటిన మంద్రపంచమము. ఈ రెంటిని ప, స, స యని నెమ్మదిగా మీటుచున్నచో తంబురా వలె శ్రుతి నిలుచును. ఎడమచేతితో ఏమియు నొక్కనక్కరలేదు. తొలిదినముననే మీకు వచ్చిన కీర్తనను ఆ శ్రుతిమీద పాడుకొనవచ్చును. నాకు తెలిసిన గిటారు పుస్తకము లేవియు ఈ సంగతి చెప్పలేదు; వానిని వ్రాసినవారికి మన పాటతో పనిలేదు గదా.

రెండవదినము సరళీవరుస. ఊరక మీటిన మూడవతీగె షడ్జము. శంకరాభరణమునకు అదే తీగెమీద 2, 4, 5, 7, 9, 11, 12 సంఖ్యల మెట్లు వరుసగా రి, గ, మ, ప, ద, ని, తారషడ్జములు. మనము చిన్ననాట నేర్చినది మాయామాళవగౌళ; దానికి రిషభము 1వ మెట్టు, ధైవతము 8వ మెట్టు. తక్కినవన్నియు నట్లే యుండును. రెండు వ్రేళ్లు ఒక్కొక్కమెట్టు వెనుకకు జరిగినంతమాత్రమున రాగము మారిపోవుట కన్నులకు కనబడును. మేళకర్తలను గూర్చి నేను చదివినదంతయు ఆ దినము చేతికి తెలిసినది. పండ్రెండు మెట్లు పండ్రెండు స్వరస్థానములు. పండ్రెండవమెట్టు తీగెకు సరిగా నడుమ నుండును. మెట్ల నడుమ దూరము పైకి పోనుపోను తగ్గును. లెక్కల ఉపాధ్యాయులైన మా యింటివారు స్కేలుతో కొలిచిరి. తీగె నిడివి 65 సెంటీమీటర్లు కాగా మొదటి మెట్టునకు దూరము 3.6 సెంటీమీటర్లకు కొంచెము పైన. పదునొకండవదానికి పండ్రెండవదానికి నడుమ రెండింటికి లోపు. ఆ కొలతలను వారు తొమ్మిదవతరగతి పిల్లలకు లెక్కగా నిచ్చిరట. గిటారు మా యింట స్థిరపడుటకు ఇదియు నొక కారణము.

స్వరములు చేతికి వచ్చిన పిదప పుస్తకము చూడకుండ పాట వెదకుట. ముందు పాదమొకటి నోటితో పాడవలయును. పిదప దానిలోని మొదటి స్వరమేదో తీగెపై కనుగొనవలయును. తక్కినవి దానిని పట్టుకొని వచ్చును. ఒకనాడు మా అత్తగారు నడవలో వత్తులు చేయుచు విని, "మన మంగళహారతి దానిమీద పలుకునా అమ్మాయీ?" అని అడిగిరి. ఆమె పాడుచుండగా నేను వెదకితిని. రెండు సాయంకాలములు పట్టినది. ఆమెకు తప్పు స్వరము తగిలినప్పుడు ముఖము చిట్లించుట తప్ప మరేమియు చెప్పుట రాదు. అంతకంటె మంచిగురువు నాకు దొరకలేదు.

క్రొత్తవారికి ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరములు మిక్కిలి యనువైనవి. ఆయన చెన్నపురి ప్రాంతమున విన్న దొరల బ్యాండు మెట్లకు సంస్కృతసాహిత్యము కూర్చిన చిన్నకృతు లవి, అన్నియు శంకరాభరణస్వరములలో నున్నవి, గమకములు లేవు. 'శ్యామలే మీనాక్షి' అనుదానిని మీటి చూడుడు. ఇంగ్లీషుబడికి పోవు పిల్లలు నక్షత్రముపాట యని గంతులు వేయుదురు, ఎందుకన రెండింటికిని మెట్టు ఒక్కటే. దీనికి తోడుగా స్వరములను కలిపి మీటుటయు తెలియును. మొదటితీగెను మూడవమెట్టున ఒక్కవ్రేలితో నొక్కి, నాలుగవతీగెనుండి మొదటిదానివరకు బొటనవ్రేలితో ఒక్కసారి దువ్వినచో ప, స, గ, స అని నాలుగు నాదములు కలసి వచ్చును. పాశ్చాత్యులు దీనినే జి కార్డు అందురు. మన చెవికి అది శంకరాభరణపు ప్రాణము. అయిదవతీగెను, నాలుగవతీగెను రెండవమెట్టున నొక్కి ఆరింటిని దువ్విన మరియొక కార్డు, కొంచెము విషాదముగా నుండును. ఈ రెండు నెలరోజులకు చాలును.

గిటారునకు చేతకానిది లేకపోలేదు. తోడి గాంధారమును, బేగడ నిషాదమును దానిపై పలికింపబూనుట క్రొత్తవారి పని గాదు. తీగెను ప్రక్కకు లాగి కొంత గమకము తేవచ్చును గాని వీణపై వచ్చు నిండుదనము రాదు. మెట్లన్నియు సమభాగములుగా నమర్చినందున తంబురాకు అలవడిన చెవికి అంతరగాంధారము రవంత హెచ్చుగా తోచును. మోహనము, హంసధ్వని, శంకరాభరణము వంటివానితో తృప్తిపడువారి కీ లోపములు తెలియనే తెలియవు. ఫోనులో చూపు పాఠములు లెక్కలేనన్ని యున్నవి. వ్రేలు నిలుపు తీరు చూచుటకు అవి మంచివి. కాని ఒక పాఠము చూచిన పిదప ఫోను మూసి, దానిని చేతితో సాధించువరకు రెండవది తెరవరాదు. లేనిచో పావుగంటయు చూచుటకే చెల్లును. ఊరిలో గురువున్నచో, ఆరునెలల కొకసారి యైన పోయి చేయి చూపించుకొనుట యుక్తము. గురువు దొరకువరకు ఆగుట మాత్రము యుక్తము గాదు.

వాద్యము నుంచు చోటును గూర్చి రెండుమాటలు. సంచిలో పెట్టి జిప్పు బిగించిన గిటారు పావుగంట తీరికలో బయటికి రాదు. గోడకు గట్టి కొక్కెము కొట్టించి, చేతికందునంత యెత్తున వ్రేలాడదీయుడు. ఎండ తగులు గోడయు, పొయ్యి వేడిమి తగులు గోడయు పనికిరావు. జిగురు కరగి చెక్క విడును. మా కోస్తా ఉక్కకు ఇనుపతీగెలు తుప్పు పట్టును గనుక వాయించిన ప్రతిమారును పొడిగుడ్డతో తుడువవలయును. ఒక తీగె తెగినచో ఆరింటిని మార్చుట మంచిది. అన్నిటిని ఒక్కసారి విప్పక, ఒకటి విప్పి దానిస్థానమున క్రొత్తది కట్టి, పిదప రెండవదానికి పోవలయును. క్రొత్తతీగెలు రెండు మూడు దినములు సాగుచు శ్రుతి జారుచుండును; ప్రతిదినము సరిచేయుచుండగా నిలుకడకు వచ్చును.